‘గెట్’ తెచ్చిన తంటా

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని వార్డెన్ సారు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నేనూ ‘విద్య విలువ’ మీదో ‘క్రమశిక్షణ’ మీదో రాద్దామని కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చదువుకుంటే నాకే నిద్ర వచ్చింది. ఆ కాగితాలు పక్కన పెట్టేశాను. ఈ హాస్టల్ గేటు దాటి బయటికి వెళ్ళాక నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఏడిపించినదేమిటా అని ఆలోచించాను. అది లెక్కలు కాదు, కెమిస్ట్రీ కాదు, చివరికి డబ్బు ఇబ్బంది కూడా కాదు. మూడే మూడు అక్షరాల ఇంగ్లీషు మాట. దాని పేరు ‘గెట్’.

నవ్వకండి తమ్ముళ్ళూ! మీరు కూడా రేపో మాపో దాని చేతిలో పడేవాళ్ళే. అందుకే ముందుగా చెబుతున్నాను.

నిజానికి ‘గెట్’ మనకు కొత్తదేం కాదు. క్లాసులో అల్లరి చేస్తే ‘గెటౌట్’ అంటారు. సినిమాలో హీరో వేషం మారిస్తే ‘గెటప్ అదిరింది’ అంటాం. పాత విద్యార్థులు కలుసుకుంటే ‘గెట్ టుగెదర్’. బడి మొహం చూడని మా అమ్మ కూడా వంటింట్లోకి దూరిన కుక్కని ‘గెటౌట్’ అనే తరుముతుంది. ఇంత దగ్గరి చుట్టమే కదా అని నమ్మినందుకు నన్ను అది నిలువునా ముంచింది.

మన హాస్టల్లో ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నామో మీకు తెలుసు. సాయంత్రం స్టడీ అవర్లో బోర్డు మీద రోజుకు ఐదు మాటలు రాసేవారు. పక్కనే అర్థం. మర్నాడు ఉదయం ఉప్మా ప్లేటు చేతికి రావాలంటే ఆ ఐదూ అప్పజెప్పాలి. నేను వాటిలో మొనగాణ్ణి. ఎంత పొడుగు మాటైనా స్పెల్లింగుతో సహా గడగడా చెప్పేవాణ్ణి. పెద్ద పెద్ద మాటలు వస్తే ఇంగ్లీషు వచ్చినట్టేనని మా అందరి నమ్మకం. ‘గెట్’ లాంటి వాటికి బోర్డు మీద చోటే దొరికేది కాదు. అవి క్రియారూపాల పట్టికలో పాటలాగా వచ్చి పోయేవి: ‘గో-వెంట్-గాన్, గెట్-గాట్-గాట్’. గెట్ అంటే ‘పొందు’. అంతే. ఒక మాట, ఒక అర్థం. లెక్క సరి.

దానికి తోడు హైస్కూల్లో మా ఇంగ్లీషు మాస్టారు ‘గెట్ ద రిజిస్టర్’ అంటే పరుగెత్తుకెళ్ళి హాజరు పుస్తకం తెచ్చేవాణ్ణి. ‘గెట్ ద చాక్‌పీస్’ అంటే సుద్దముక్క తెచ్చేవాణ్ణి. అలా నా బుర్రలో రెండో అర్థం కూడా ఒకటి చేరింది: గెట్ అంటే ‘తే’. ఈ రెండింటితో నేను డిగ్రీలో కాలు పెట్టాను. నేను చేరిన 2021-22 విద్యా సంవత్సరం నుంచే మన రాష్ట్రంలో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. అప్పటిదాకా తెలుగులో చదివిన నాలాంటి వాళ్ళం ఒక్కసారిగా నూతిలో పడ్డట్టయ్యింది.

మొదటి ఏడాది డిసెంబరులో అనుకుంటాను, కెమిస్ట్రీ ల్యాబ్. ఆక్జాలిక్ ఆమ్లంతో సోడియం హైడ్రాక్సైడ్ గాఢత కనుక్కోవాలి. పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు తీసి ఫ్లాస్కులో పోసుకుని, ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్ నుంచి చుక్క చుక్కా వదులుతున్నాను. లేత గులాబీ రంగు వచ్చి నిలబడింది. రీడింగు 19.6. మళ్ళీ చేశాను. మళ్ళీ 19.6. రెండు రీడింగులు ఒక్కటిగా రావడం అంటే ఆ పని చేసినవాళ్ళకే తెలుస్తుంది ఆ ఆనందం. అప్పుడే సారు నా బల్ల దగ్గరికి వచ్చారు.

‘వాట్ డిడ్ యు గెట్?’ అని అడిగారు.

నాకు గుండె దడదడలాడింది. ఏం తెచ్చావు అంటున్నారు. ఏదో తేవాల్సింది తేలేదేమో అనుకున్నాను. ఉన్నవన్నీ ఏకరువు పెట్టాను: ‘అబ్జర్వేషన్ బుక్, ఆప్రాన్, పెన్సిల్, సార్.’

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత ల్యాబ్ అంతా నవ్వులు. బల్లల మీద చేతులు వేసి మరీ నవ్వారు. సారు కూడా నవ్వుకుని పక్క బల్లకి వెళ్ళిపోయారు. అదే ప్రశ్న ఆ అబ్బాయిని అడిగారు. ‘నైంటీన్ పాయింట్ ఎయిట్, సార్’ అన్నాడు. ‘గుడ్’ అన్నారు. నా నోట్‌బుక్‌లో 19.6 అని రెండుసార్లు రాసి ఉంది. దాన్ని ఎవరూ చూడలేదు.

‘ఎంత వచ్చింది?’ అని తెలుగులో అడిగి ఉంటే బొమ్మ గీసి మరీ చెప్పేవాణ్ణి. నాకు కెమిస్ట్రీ వచ్చు. ‘గెట్’ రాలేదు.

ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూస్తే చాలు, ఎవరో ఒకరు ‘ఏరా, వాట్ డిడ్ యు గెట్?’ అనేవాళ్ళు. ల్యాబ్‌లో వెనక బల్లకి మారిపోయాను. ఏదడిగినా నోరు విప్పేవాణ్ణి కాదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పేవాళ్ళు ఇంట్లో ఎవరుంటారు? చదువు మానేసి నాన్నతో తాపీ పనికి పోదామన్న ఆలోచన గట్టిగానే వచ్చింది. సిమెంటు బస్తా ఎత్తడానికి ఇంగ్లీషు అక్కర్లేదు కదా.

నన్ను ఆపింది గదిలో ఉండే సీనియర్ అన్న. సంగతంతా విన్నాక ఓదార్చలేదు, నీతులూ చెప్పలేదు. ట్రంకు పెట్టెలోంచి అట్టలు ఊడిన ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తీసి ఒళ్ళో పడేశాడు. ‘గెట్ తీసి చూడరా’ అన్నాడు. తీశాను. మాట చిన్నది కదా, రెండు లైన్లు ఉంటాయనుకున్నాను. పేజీ తిప్పాను, ఇంకా అయిపోలేదు. ‘పెద్ద మాటలకు రెండు లైన్లేరా ఉండేది. చిన్నవాటికే పేజీలకు పేజీలు’ అన్నాడు అన్న.

అది నిజమేనని తర్వాత తెలిసింది. 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో అన్నిటికంటే ఎక్కువ చోటు తీసుకున్న మాట ‘సెట్’. దానికి 430కి పైగా అర్థాలు ఇచ్చారు. తర్వాత సవరణల్లో ‘రన్’ అనే క్రియ 645 అర్థాలతో దాన్ని దాటిపోయింది. ఆ ఒక్క మాట మీద ఒక సంపాదకుడు తొమ్మిది నెలలు కూర్చున్నాడట! మనం బట్టీ పట్టిన పొడుగు మాటలన్నీ ఈ పొట్టివాళ్ళ ముందు దిగదుడుపే. ఇంగ్లీషు బరువంతా మోసేది వీళ్ళే.

ఇంకో సంగతి నాకు ధైర్యాన్నిచ్చింది. అన్న ఇచ్చిన ఆ డిక్షనరీకి మూలపురుషుడు ఏ.ఎస్. హార్న్‌బీ అనే ఇంగ్లీషు పంతులు. ఆయన జపాన్‌లో పాఠాలు చెప్పేవాడు. అక్కడి పిల్లలు ఎక్కడెక్కడ తడబడుతున్నారో చూసి, ఇంగ్లీషు పుట్టుకతో రాని వాళ్ళ కోసం చేసిన నిఘంటువు అది. మొదట 1942లో టోక్యోలో అచ్చయింది. అంటే తడబడేది నేనొక్కణ్ణే కాదన్నమాట. ఎక్కడో జపాన్‌లో నాలాంటి వాడొకడు నిలబడి నవ్వుల పాలైతేనే ఆ పుస్తకం పుట్టి ఉంటుందని ఊహించుకుని తృప్తి పడ్డాను.

కానీ తృప్తి వేరు, నేర్చుకోవడం వేరు. డిక్షనరీలో ఉన్న అర్థాలన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించి, అలవాటు ప్రకారం బట్టీ పట్టడం మొదలుపెట్టాను. రాత్రి పట్టినవి తెల్లారేసరికి కలిసిపోయేవి. ఇంతలో సంక్రాంతి సెలవులు వచ్చాయి. నోట్‌బుక్ తీసుకుని ఊరికి వెళ్ళాను.

మాది పల్నాడు. సంక్రాంతి నాటికి మిరప కోతలు మొదలవుతాయి. అమ్మ పొద్దున పోయి, సాయంత్రం ఒళ్ళంతా ఘాటుతో ఇంటికి చేరుతుంది. ఆ సాయంత్రం నేను అరుగు మీద కూర్చుని ‘గెట్’ వల్లిస్తున్నాను. అమ్మ పని చేసుకుంటూ మాట్లాడుతూనే ఉంది.

‘అయ్యా, కుళాయి వచ్చిందేమో చూడు.’ ‘కరెంటు వచ్చిందా?’ ‘మీ పెద్దమ్మ కూతురికి సంబంధం వచ్చిందంట, పిల్లోడికి టైలరింగు వచ్చంట.’ ‘ఈ ఏడు కాపు బాగానే వచ్చింది గానీ రేటు రాలేదని రైతులు ఏడుస్తన్నారు.’ ‘ఈ ఘాటుకి దగ్గొస్తంది నాయనా, కాస్త మంచినీళ్ళియ్యి.’ ‘ఏందిరా ఆ మొహం? కోపమొచ్చిందా, జరమొచ్చిందా?’

నేను నోట్‌బుక్ మూసేశాను. వచ్చింది, వచ్చింది, వచ్చింది! కుళాయి నడిచి రాదు. సంబంధానికి కాళ్ళుండవు. టైలరింగు ‘వచ్చు’ అంటే తెలుసు అని. రేటు ‘రాలేదు’ అంటే గిట్టలేదు అని. అరగంటలో మా అమ్మ ఒక్క మాటని ఏడెనిమిది రకాలుగా వాడింది. ఒక్కచోటా తప్పు పోలేదు. నాకూ ఒక్కచోటా అనుమానం రాలేదు. సంతకం చెయ్యడం రాక వేలిముద్ర వేసే మనిషి ఆవిడ. ఆవిడకి ఇది ఎవరు నేర్పారు? ఏ డిక్షనరీ చూసి నేర్చుకుంది?

నాకు ఇంగ్లీషు మీద భయం సగం పోయింది ఆ అరుగు మీదే. ఒక చిన్న మాటకి వంద అర్థాలుండటం దొరల తెలివితేటలేం కాదు. బతికున్న ప్రతి భాషా చేసే పనే అది. మన ‘కొట్టు’ సంగతి చూడండి. తలుపు కొడతాం, గంట కొడతాం, ఈల కొడతాం, చప్పట్లు కొడతాం, ఫోన్ కొడతాం. పాఠం బోరు కొడుతుంది. పరీక్షలో కొందరు కాపీ కొడతారు (మన హాస్టల్లో కాదనుకోండి!). ‘కొట్టు అంటే దెబ్బ వేయు’ అని మాత్రమే బట్టీ పట్టిన విదేశీయుడు మన ఊళ్ళో దిగితే, ఇక్కడి మనుషులు పొద్దున లేచింది మొదలు తలుపుల్నీ ఫోన్లనీ చావబాదుతున్నారని భయపడి పారిపోడూ! ‘గెట్’ విషయంలో నేను చేసిన పని అదే.

మాటకి అర్థం ఒంటరిగా ఉండదు. పక్కన ఎవరున్నారో దాన్ని బట్టి ఉంటుంది. మనుషులకిలాగే మాటలకీ సావాసం ముఖ్యం. ఈ ఒక్క సూత్రంతో నోట్‌బుక్ మళ్ళీ మొదటినుంచి రాశాను. ఈసారి అర్థాలు రాయలేదు. పక్కనున్న మాటతో కలిపి వాక్యం రాసి, దాని ఎదురుగా అమ్మ ఆ సంగతిని తెలుగులో ఎలా అంటుందో రాశాను. మీకు పనికొస్తుందని కొన్ని ఇక్కడ ఇస్తున్నాను.

గెట్ పక్కన వస్తువో, ఫలితమో ఉంటే చాలాసార్లు మన ‘వచ్చింది’, ‘దొరికింది’. ‘ఐ గాట్ ఎ లెటర్’ అంటే ఉత్తరం వచ్చింది. ‘ఐ గాట్ ఫీవర్’ అంటే జ్వరం వచ్చింది. ‘షి గాట్ ఫస్ట్ క్లాస్’ అంటే ఫస్ట్ క్లాసు వచ్చింది. ‘వాట్ డిడ్ యు గెట్?’ అంటే ల్యాబ్‌లో ‘ఎంత వచ్చింది?’ అని. ఈ వాక్యాన్ని ఎర్ర పెన్నుతో రాసి చుట్టూ గీత గీశాను.

పక్కన ఒక చోటు పేరు ఉంటే ‘చేరడం’. ‘గెట్ టు గుంటూర్’ అంటే గుంటూరు చేరడం. అయితే ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’ ముందు ‘టు’ పెట్టకూడదు. ‘గెట్ హోమ్’ అంటే చాలు.

పక్కన గుణం చెప్పే మాట ఉంటే ‘అవడం’, ‘మారడం’. ‘గెట్ టైర్డ్’ అంటే అలిసిపోవడం. ‘గెట్ ఓల్డ్’ అంటే ముసలివాళ్ళవడం. ‘ఇట్స్ గెటింగ్ డార్క్’ అంటే చీకటి పడుతోంది. చూశారా, ఇక్కడ మన ‘పడు’ వచ్చింది. అది ఇంకో మహానుభావుడు. వర్షం పడుతుంది, జీతం పడుతుంది, భయం పడతాం, నిద్ర పడుతుంది. దాని కథ వచ్చే ఏడాది సంచికకు ఉంచుదాం.

మనం మన పనిని ఇంకొకరితో చేయించుకున్నప్పుడూ గెట్టే. మనలో చాలామంది క్షవరం చేయించుకుని వచ్చి ‘ఐ కట్ మై హెయిర్’ అంటారు. అంటే కత్తెర పట్టుకుని స్వయంగా కత్తిరించుకున్నట్టు! ‘ఐ గాట్ మై హెయిర్ కట్’ అనాలి. ఇక్కడ మాత్రం తెలుగుదే పైచేయి. ‘చేయించుకున్నాను’ అనే ఒక్క మాటలో మొత్తం సర్దేశాం.

ఎవరైనా ఒక సంగతి విడమరిచి చెప్పాక ‘ఐ గాట్ ఇట్’ అంటే ‘అర్థమైంది’ అని. ‘ఐ హావ్ గాట్ టు గో’ అంటే ‘వెళ్ళాలి’. ‘ఐ గాట్ టు సీ హిమ్’ అంటే ఆయన్ని చూసే అవకాశం దొరికింది. ‘హి గాట్ సెలెక్టెడ్’ అంటే ఎంపికయ్యాడు. మనం ‘గెట్-గాట్-గాట్’ అని పాడిన పాటలో మూడోది అమెరికా వాళ్ళకి చాలాచోట్ల ‘గాటెన్’. అది తప్పు కాదు, వాళ్ళ వాడుక అంతే.

ఇక తోకలు. ‘గెట్’ వెనక చిన్న తోక తగిలిస్తే కథే మారిపోతుంది. ‘గెట్ అప్’ అంటే లేవడం. కండక్టరు మనల్ని ‘గెట్ డౌన్’ అంటాడు. ఇంగ్లండులో బస్సు దిగడాన్ని ‘గెట్ ఆఫ్’ అంటారు. లోపల నిలబడి నడవగలిగే బస్సు, రైలు, విమానం ఎక్కితే ‘గెట్ ఆన్’. వంగి దూరాల్సిన కారు, ఆటో అయితే ‘గెట్ ఇన్’. ‘గెట్ అలాంగ్’ అంటే కలిసిమెలిసి ఉండటం, మన డార్మిటరీలో ఉన్నట్టు. ‘గెట్ అవే విత్’ అంటే తప్పు చేసి దొరక్కుండా తప్పించుకోవడం, మన మామిడికాయల సంగతిలా. ‘గెట్ బై’ అంటే ఉన్నదాంట్లో నెట్టుకురావడం, మన అమ్మానాన్నలు చేస్తున్నది. ‘గెట్ ఓవర్’ అంటే దెబ్బ నుంచి కోలుకోవడం. ‘గెట్ త్రూ’ అంటే గట్టెక్కడం. ఈ చివరిది మాత్రం నేను ఎప్పుడూ మర్చిపోలేదు. గెట్టుకీ గట్టుకీ ప్రాస కుదిరింది కదా!

మర్చిపోవడం అంటే గుర్తొచ్చింది. ‘ఫర్‌గెట్’లో ఉన్నది కూడా ఈ గెట్ కుటుంబమే. పట్టు వదిలెయ్యడం, చేజారిపోవడం అని దాని మూలార్థం. మరో తమాషా ఏమిటంటే, ఇంత వాడుకలో ఉన్న ‘గెట్’ ఇంగ్లీషు వాళ్ళ సొంత సొత్తు కాదు. వెయ్యేళ్ళ కిందట సముద్రం మీద వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన ఉత్తరదేశాల వాళ్ళ భాషలో ‘గెటా’ అనే మాట ఉండేది. అదే వీళ్ళ నోళ్ళలో ‘గెట్’ అయ్యింది. ‘దే’, ‘టేక్’ కూడా అలా వచ్చినవే. మనం బస్సు, పెన్ను అరువు తెచ్చుకున్నట్టు వాళ్ళూ తెచ్చుకున్నారు. మొదట ఎవరిదైనా, వాడుకున్న వాళ్ళదే మాట. ఆ లెక్కన ఇంగ్లీషు మనదెందుకు కాకూడదు?

నోట్‌బుక్ నిండే కొద్దీ ఒక తేడా కనిపించింది. ఇంగ్లీషులో మనిషి గెట్ చేస్తాడు. తెలుగులో మనిషి దగ్గరికి అది వస్తుంది. ‘ఐ గాట్ మార్క్స్’ అనే చోట మనం ‘నాకు మార్కులు వచ్చాయి’ అంటాం. దీన్ని బట్టి వాళ్ళు కష్టజీవులు, మనం సోమరులు అని తీర్మానించకండి. వాళ్ళకి జ్వరం కూడా ‘గెట్’ అవుతుంది, దానికోసం ఎవరూ కష్టపడరు. కానీ ఆ తేడా నన్ను ఆలోచనలో పడేసింది. ‘నాకు ఇంగ్లీషు రాదు’ అంటాం మనం. చిన్నప్పటినుంచీ ఎన్ని వందలసార్లు అన్నానో. ‘రాదు’ అన్నప్పుడల్లా తప్పు దాని మీదికి నెట్టేశాను. అది రావాలి, అది రావడం లేదు, నేనేం చెయ్యను? కుళాయి కోసం బిందె పెట్టుకుని కూర్చున్నట్టు కూర్చున్నాను.

సెలవులు అయ్యాక ల్యాబ్‌లో మళ్ళీ ముందు బల్లకి వచ్చాను. సారు వచ్చే దాకా ఆగకుండా నేనే వెళ్ళి ‘ఐ గాట్ ట్వెల్వ్ పాయింట్ ఫోర్, సార్’ అన్నాను. ఎవరో వెనక నవ్వారు. సారు మాత్రం నవ్వలేదు. నోట్‌బుక్ చూసి ‘గుడ్’ అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను నెల రోజులు పట్టాను.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయ్యింది. ఇప్పుడు ఎమ్మెస్సీలో ఉన్నాను. పోయిన ఏడాది వేసవిలో ఒక పరిశోధనా సంస్థలో రెండు నెలల ప్రాజెక్టుకి ఇంటర్వ్యూకి పిలిచారు. పెద్ద గది, పొడుగు బల్ల, అవతల నలుగురు. నా సర్టిఫికెట్లు తిరగేసిన మేడమ్ తలెత్తి ‘సో, హౌ డిడ్ యు గెట్ హియర్?’ అని అడిగారు.

నా పాత స్నేహితుడు మళ్ళీ ఎదురయ్యాడు! గెట్ పక్కన ‘హియర్’ ఉంది. చేరడం. కానీ ఏ చేరడం? ఏ బస్సుకి వచ్చావు అనా? ఈ స్థాయికి ఎలా వచ్చావు అనా? పాత రోజులైతే అక్కడే బిగుసుకుపోయేవాణ్ణి. ఒక్క క్షణం ఆగి, ఇంగ్లీషులోనే అడిగాను: ప్రయాణం గురించా మేడమ్, చదువు గురించా? ఆవిడ నవ్వి ‘బోత్’ అన్నారు. ఆ నవ్వు ల్యాబ్‌లో నవ్వు లాంటిది కాదు. రాత్రి బస్సులో నిలబడి వచ్చానని చెప్పాను. తర్వాత మన హాస్టల్ గురించి, స్టడీ అవర్ బోర్డు గురించి, 19.6 గురించి చెప్పాను. వ్యాకరణం అక్కడక్కడ తప్పిందని నాకే తెలుస్తోంది. అయినా ఆపలేదు. వాళ్ళు విన్నారు. తర్వాత కెమిస్ట్రీలో అడిగినవాటికి జవాబులు చెప్పాను.

ఆ ప్రాజెక్టు నాకు రాలేదు. నాకంటే బాగా చేసినవాళ్ళు ఉన్నారు, ఎంపికైనవాళ్ళ పేర్లలో నా పేరు లేదు. బాధ కలిగింది. కానీ ఆ గదిలోంచి తల వంచుకుని మాత్రం బయటికి రాలేదు. ల్యాబ్‌లో నా జవాబు ఎవరూ వినలేదు. ఇక్కడ విన్నారు, విని వద్దన్నారు. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో మీకూ ఒకరోజు తెలుస్తుంది. ఈ ఏడాది మళ్ళీ దరఖాస్తు పెట్టాను.

తమ్ముళ్ళూ, చివరగా నాలుగు మాటలు. రోజుకు ఐదు పెద్ద మాటలు నేర్చుకోండి, వద్దనను. కానీ వారానికి ఒక్క చిన్న మాటని పట్టుకోండి. గెట్, పుట్, టేక్, సెట్, రన్, మేక్. వాటిని ఒంటరిగా బట్టీ పట్టకండి. పక్కనున్న మాటతో కలిపి, వాక్యంగా రాసుకోండి. ఆ వాక్యానికి మీ ఇంట్లో ఏమంటారో ఎదురుగా రాయండి. మీ అమ్మ మాట్లాడే తెలుగుని చిన్నచూపు చూడకండి. అందులో ఉన్నన్ని మెలికలు ఇంగ్లీషులో కూడా లేవు. అన్ని మెలికలు అవలీలగా తిప్పే నాలుక మీది. దానికి ‘గెట్’ ఒక లెక్కా? ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ప్రశ్న అర్థం కాకపోతే మళ్ళీ అడగండి. అడగడం తప్పు కాదని నాకు తెలియడానికి నాలుగేళ్ళు పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఇదంతా రాశాను.

ఆరో తరగతిలో నన్ను ఈ హాస్టల్లో చేర్చి వెళ్ళేటప్పుడు అమ్మ గేటు దగ్గర నిలబడి ఒక మాట అంది. ‘మంచి మార్కులు తెచ్చుకో నాయనా’ అంది. ‘వస్తాయి’ అనలేదు. ‘తెచ్చుకో’ అంది. రేషన్ బియ్యమైనా, బావి నీళ్ళైనా, కూలి డబ్బులైనా వాటంతటవి ఇంటికి నడిచి రావడం ఆవిడ ఏనాడూ చూడలేదు. అన్నీ పోయి తెచ్చుకున్నవే. ‘గెట్’ అనే మాటకి సరైన తెలుగు కోసం నేను డిక్షనరీలన్నీ తిరగేశాను గానీ, ఆ మాట నాకు పదకొండేళ్ళప్పుడే గేటు దగ్గర చెప్పి పంపింది మా అమ్మ.

కాబట్టి ఇకమీదట ‘మాకు ఇంగ్లీషు రాదన్నా’ అని నాతో అనకండి. ‘ఇంకా తెచ్చుకోలేదన్నా’ అనండి.